కంపవాతము - మందు వేళలు



నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల గ్రామములందలి పెద్దల నుద్దేశించి నేడు కంపవాతమను వ్యాధిని గూర్చియు, దానికి వైద్యులు వ్రాసియిచ్చు మందులను అపాయము లేకుండ పుచ్చుకొను విధమును గూర్చియు కొన్ని మాటలు మనవి చేయదలచితిని. నేను వైద్యుడను గాను. బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. మందును నిర్ణయించుట నా పని గాదు. వైద్యుడు నిర్ణయించిన మందు మన యింటికి వచ్చిన పిదప మనము చేయవలసిన దేమి, చేయరాని దేమి అనునంతవరకే నా ప్రసంగము. పెక్కు కుటుంబములలో చిక్కు పుట్టునది అచ్చటనే.

మొదట వ్యాధి స్వరూపమును తెలిసికొందము. "ముసలితనమున చేయి వణకుట సహజమే" అని మనవా రందురు. వయస్సొక్కటే కారణమైనచో ఎనుబదియేండ్లు దాటిన వారందరును వణకవలెను. అట్లు లేదు గదా! కంపవాతమున సామాన్యముగా ఒక ప్రక్క చేయి ముందుగా వణకును. అదియు చేయి ఒడిలో ఊరక యున్నప్పుడు ఎక్కువ. పనిలో పెట్టినప్పుడు తక్కువ. అంతకంటె ముఖ్యమైన లక్షణము మాంద్యము. బొత్తాములు పెట్టుకొనుటకు చాల సేపు పట్టును. వ్రాయగా వ్రాయగా అక్షరములు చిన్నవై పోవును. అడుగులు కురుచనగును, నడచునప్పుడు ఒక చేయి ఊగదు. కీళ్లు బిగియును, స్వరము సన్నగిల్లును, ముఖమున భావము తగ్గును. కొందరికి వణకే యుండదు. మరియు చేతి వణకులన్నియు కంపవాతములు గావు. కావున వణకును చూచి మనమే వ్యాధిని నిశ్చయింపరాదు. వణకు లేదని త్రోసివేయనురాదు.

మన ఆయుర్వేదమున ఇట్టి లక్షణములకు వేపథువనియు, కంపవాతమనియు పేళ్లు కలవు. 1817వ సంవత్సరమున లండను నగరపు వైద్యుడు జేమ్సు పార్కిన్సన్ ఆరుగురు రోగుల లక్షణములను వర్ణించి యొక చిన్న గ్రంథమును ప్రకటించెను. తరువాత ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ వ్యాధికి ఆయన పేరునే పెట్టెను. నేటి డాక్టర్ల చీటీలమీద "పార్కిన్సన్" అని యుండునది ఇదియే.

మెదడు అడుగుభాగమున నల్లని వన్నె గల చిన్న తావు ఒకటి కలదు. అచ్చటి జీవకణములు డోపమిన్ అను ద్రవ్యమును తయారుచేయును. మనము చేయి చాపవలె ననుకొన్నంతనే చేయి సాగుటకు ఆ ద్రవ్యము కావలెను. ఆ కణములు క్రమముగా నశించుటచేత ద్రవ్యము కొరవడి శరీరము మందగించును. అనగా రోగికి బలము లేక కాదు, సోమరితనముచేత గాదు. ఆజ్ఞ పోవలసిన త్రోవలో అడ్డంకి యేర్పడినది. ఇంటివారు ఈ యొక్క సంగతి గ్రహించినచో ముసలివారిని కసరుట మానుదురు.

ఈ వ్యాధి మందు కథలో మన దేశమునకును భాగము కలదు. పొలముగట్ల మీద, అడవి యంచులందు ప్రాకు దూలగొండి తీగ మీ రెరిగినదే. దాని కాయమీది నూగు తగిలినచో దురద పుట్టును. సంస్కృతమున దానినే కపికచ్ఛువందురు. దాని గింజలను మన వైద్యులు పూర్వమునుండి వాతరోగములలో వాడుచుండిరి. 1937లో మదరాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి అను నిరువురు శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి డోపా యను పదార్థమును వేరుచేసిరి. నాడు నంద్యాలయు మదరాసు రాజధానిలోని యూరే.

ఇరువదియేండ్లు గడచెను. 1957లో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధ వేరునుండి తీసిన రెసర్పిన్ అను మందును కుందేళ్లకిచ్చి చూచెను. అవి కదలక మెదలక పడియుండెను. పిమ్మట డోపా నిచ్చినంతనే లేచి తిరుగసాగెను. 1960లో వియన్నా నగరమున కంపవాతముతో మరణించిన వారి మెదడులను పరీక్షించి, వానిలో డోపమిన్ మిక్కిలి తగ్గియున్నదని కనుగొనిరి. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు డోపాను కొంచెముతో ఆరంభించి నెమ్మదిగా పెంచుచు రోగులకిచ్చి, మంచము పట్టినవారిని నడిపించెను. కార్ల్‌సన్‌కు 2000వ సంవత్సరమున నోబెలు బహుమానము వచ్చినది. నేడు లోకమంతట ఈ వ్యాధికి ముఖ్యమైన మందు లెవోడోపాయే.

ఇది విని, "అట్లయిన దూలగొండి చూర్ణమే చాలును గదా!" యని యనుకొనకుడు. గింజకును గింజకును పాళ్లు మారును. చెంచాతో కొలిచిన చూర్ణమున ఎంత మందు కలదో ఎవరును చెప్పలేరు. మాత్రలు వాడుచు చూర్ణమును గూడ పుచ్చుకొన్నచో, ఒకే మందును రెండు చేతులతో పోసినట్లగును. ఆయుర్వేద మందు వాడదలచినవారు ఆ సంగతి మాత్రలు వ్రాసిన డాక్టరుకు, మాత్రల సంగతి ఆయుర్వేద వైద్యునకు తెలిపి వాడవలెను. దాచి వాడరాదు.

ఇక మాత్ర సంగతి. లెవోడోపా ఒంటరిగా పోయినచో, మెదడు చేరకమునుపే చాలభాగము దారిలో మారిపోయి వాంతిని, వికారమును కలిగించును. అందుచేత దానికి తోడుగా కార్బిడోపా యను మరియొక మందును చేర్చుదురు. అది దారిలోని నష్టమును అరికట్టును. పెట్టెమీద కనబడు సంఖ్య తరచుగా ఈ రెంటి మొత్తము. 110 అని యున్నచో లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 125 అనినచో 100, 25. 275 అనినచో 250, 25. అంగడివాడు 125కు బదులు 275 ఇచ్చినచో లెవోడోపా రెండున్నర రెట్లగును. పేరొకటే గదా యని తీసికొనరాదు. పేరును, సంఖ్యను రెంటిని చీటీతో సరిచూచుకొనవలెను. పొరుగువారి మాత్రను "నాకును అదే జబ్బు" అని మ్రింగుట అంతకన్న అపాయము.

ఈ మాత్ర వ్యాధిని మాన్పదు. కొరవడిన ద్రవ్యమును కొన్ని గంటల సేపు సమకూర్చును, అంతియే. మొదటి సంవత్సరములలో ఒక మాత్ర గుణము చాల సేపు నిలుచును. వ్యాధి ముదిరినకొలది మూడు నాలుగు గంటలలోనే తరిగిపోవచ్చును. కావున ఈ వ్యాధిలో వేళయే సగము మందు. కె.సి. కాలువ క్రింద సేద్యము చేయువారికి ఇది నేను విడమరచి చెప్ప నక్కరలేదు. వంతు వచ్చినప్పుడు నీరు పారినచో మడి బ్రదుకును. వంతు తప్పినచో ఎండును. తప్పిన వంతునకు బదులుగా రెండు వంతులు ఒక్కమారే పెట్టినచో నారు కుళ్లును. మాత్రయు అట్టిదే. ఉదయము 6 గంటలకు, 10 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, సాయంత్రము 6 గంటలకు అని డాక్టరు వ్రాసినచో, బడిగంట కొట్టినట్లు ఆ వేళలకే వేయవలెను. "పొలమునుండి వచ్చిన తరువాత", "భోజనమైన తరువాత" అను లెక్క పనికిరాదు. ఒక వేళ మరచినచో రెండు మాత్రలు కలిపి మ్రింగరాదు. తరువాతి వేళ దగ్గర పడినచో తప్పినదానిని విడిచి, వేళకు వేయవలసిన దానినే వేయుట సామాన్య నియమము. మీ విషయమున ఏమి చేయవలెనో ముందే డాక్టరు నడిగి వ్రాసియుంచుకొనుడు.

వేళ తరువాత ఆహారము. పప్పు, పాలు, గుడ్డు, మాంసము, శనగలు మొదలగు మాంసకృత్తుల పదార్థములు ఈ మందుతో పోటీపడి, రక్తమున చేరకుండ దానిని ఆలస్యము చేయును. కావున మాత్రను భోజనమునకు 30 నిమిషములు ముందుగా గాని, భోజనమైన గంటకు గాని నిండు లోటా నీటితో వేసికొనుట మేలు. నిటారుగా కూర్చుండి మ్రింగవలెను, పండుకొని మ్రింగరాదు. క్రొత్తలో వికారము పుట్టినచో గుప్పెడు బొరుగులు, చిన్న రొట్టెముక్క వంటివి దానితో తినవచ్చును. పాలతో మాత్రము వేయరాదు. అంతమాత్రమున పప్పు, పాలు మానివేయకుడు. మానినచో ముసలిదేహము చిక్కిపోవును. వేళలు విడదీసిన చాలును. రక్తహీనతకు ఇనుము మాత్రలు వాడువారు వానిని ఈ మాత్రకు రెండు గంటలైన దూరముగా పెట్టవలెను. మలబద్ధకమున్నను మందు సరిగా పనిచేయదు. నీరు, ఆకుకూరలు, నడక అవసరము.

నెమ్మదిగా కరగునట్లు చేసిన మాత్రలు కొన్ని కలవు. వానిని నమలరాదు, నూరి నీళ్లలో కలుపరాదు. అట్లు చేసినచో దినమునకు నిలువవలసిన మందు ఒక్కమారే దేహమున పడును. మ్రింగుట కష్టమైనవారు ఆ మాట డాక్టరుకు చెప్పి మందు మార్పించుకొనవలెను గాని రోట వేసి దంపరాదు.

ఉపవాసముల మాట మన ప్రాంతమున తప్పక చెప్పవలసినది. శివరాత్రికి మహానంది, ఫాల్గుణమున అహోబిలము, ఏకాదశులు, శనివారములు! "నేడు ఉపవాసము, మాత్ర వద్దు" అని పెద్దలు పట్టుపట్టుదురు. ఔషధము వ్రతమునకు భంగము గాదని మన ధర్మశాస్త్రమే నీటిని, పాలను, ఔషధమును ఒక వరుసలో చేర్చి చెప్పుచున్నది. రంజాను ఉపవాసమున వ్యాధిగ్రస్తులకు వెసులుబాటు ఖురానులోనే కలదు. కావున మాత్ర మానుట భక్తి కాదు. ఉపవాసముండ దలచినవారు డాక్టరును ముందుగా నడిగి, మాత్రల వేళలు చెడకుండ ఏర్పాటు చేసికొనవలెను.

ఇప్పుడు చెప్పబోవునది ఈ ప్రసంగమున కెల్ల ముఖ్యమైన మాట. మందును తనంత తాను హఠాత్తుగా ఆపరాదు. ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపడిన యూరు గదా! నే నెరిగిన యొక శిల్పికి కుడిచేయి మందగించెను. మాత్రలు వాడగా ఉలి మరల చేతిలో నిలిచెను. ఆరు నెలలైన పిదప చుట్టములు, "నయమైనది గదా పెదనాయనా, ఇంకను మాత్రలేల? అలవాటైనచో విడువవు" అనిరి. ఆయన ఒక్కనాడే అన్నియు మానెను. మూడవనాటికి దేహము కొయ్యబారెను. ప్రక్కకు తిరుగలేడు, నోట మాట రాదు, జ్వరము కాయుచున్నది. ఇంటివారు విషజ్వర మనుకొనిరి. నంద్యాలకు కొనిపోయినప్పుడు మాత్రలు మానిన సంగతి ఎవరికిని తోచలేదు. చిన్నకోడలు చీరకొంగున కట్టి తెచ్చిన పాత చీటీని చూపిన తరువాతనే వైద్యులు కారణమును గ్రహించిరి. ప్రాణము దక్కినది, కాని నడక మునుపటివలె రాలేదు. ఇప్పుడు కూర్చుండి రాతిమీద గీతలు గీచి యిచ్చును, కొడుకులు చెక్కుదురు.

హఠాత్తుగా మానినచో ఇట్లు బిగిసి, జ్వరము వచ్చి, మతి తప్పుట ప్రాణాపాయమైన స్థితియని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అట్టిది కనబడినచో మంత్రమనియు తంత్రమనియు ఆలస్యము చేయక 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. కాలు విరిగియో, కంటి శస్త్రచికిత్సకో, మరి దేనికో ఆసుపత్రిలో చేరినప్పుడును మాత్రలను, చీటీని వెంట తీసికొనిపోవలెను. "ఈయనకు కంపవాతము, ఈ మాత్ర ఈ వేళకు పడవలెను" అని వచ్చిన ప్రతి డాక్టరుకును, ప్రతి నర్సుకును చెప్పవలెను. చెప్పుటకు మొగమాటపడరాదు.

మరియొక అపాయము ఇతర మందులనుండి వచ్చును. వాంతికి, తల తిరుగుటకు, కడుపు ఉబ్బరమునకు, నిద్రకు అని మనము అంగడిలో నడిగి తెచ్చుకొను కొన్ని మందులు డోపమిన్ పనిని అడ్డగించి వ్యాధిని పెంచును. వాంతికి వాడు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. తలతిరుగుడుకు వాడు సిన్నరిజిన్, ఫ్లునరిజిన్. కడుపుమంట మాత్రలతో కలిపి వచ్చు లెవోసల్పిరైడ్. మతి చలించినవారికి ఇచ్చు హాలోపెరిడాల్ ఇట్టివి. వ్యాధి లేనివారికి గూడ వీనివలన కంపవాతము వంటి వణకు, బిగింపు పుట్టవచ్చును. సెలెజిలిన్, రసాజిలిన్ అను మాత్రలు వాడువారికి ట్రమడాల్ అను నొప్పి మందు, డెక్స్ట్రోమెథార్ఫన్ గల దగ్గు మందు, పెథిడిన్ ఇంజెక్షను సరిపడవు. ఈ పేళ్లను మీ యింటి చదువుకొన్న పిల్లలచేత ఒక కాగితముమీద వ్రాయించి చీటీతో కలిపి యుంచుడు. ఊరిలో ఏ వైద్యుడు సూది వేయ బోయినను ఆ కాగితమును ముందుగా చూపుడు.

మందు పనిచేయుచుండగా గమనింపవలసిన మార్పులు నాలుగు కలవు.

మొదటిది, లేచి నిలుచున్నప్పుడు కండ్లు తిరుగుట. రక్తపుపోటు పడిపోవుటచేత ఇది కలుగును. మంచముమీదనుండి దిగ్గున లేవక, ముందు కూర్చుండి, కాళ్లాడించి, పిమ్మట లేవవలెను. రక్తపుపోటు మాత్రలును వాడువారు ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను. ముసలివారికి తుంటియెముక విరుగుట సామాన్యమైన ఆపద గాదు.

రెండవది, వణకు గాని కదలిక. మందు మోతాదు మించినప్పుడు చేతులు, మెడ మెలికలు తిరుగుచు, నాట్యమాడినట్లు కదలును. ఇంటివారు దానిని వణకే యనుకొని మరియొక మాత్ర వేయుదురు. అది అగ్నిలో నేయి పోసినట్లగును. మాత్ర వేసిన ఎంత సేపటికి ఏ కదలిక వచ్చినదో గడియారము చూచి వ్రాసికొని డాక్టరుకు చూపుడు. ఆ నాలుగు పంక్తులు ఆయనకు గొప్ప సహాయము.

మూడవది, లేనివి కనబడుట. సందెవేళ మూలన ఎవరో కూర్చున్నారనియు, పిల్లలు తిరుగుచున్నారనియు చెప్పుదురు. మనవారు "జేజికి గాలి సోకినది" అని తాయెత్తు కట్టింతురు. అది గాలి గాదు. మందువలనను వ్యాధివలనను వచ్చునది. డాక్టరు మందును సవరించినచో చాలవరకు తగ్గును. ట్రైహెక్సిఫెనిడిల్ అను పాత మాత్ర పెద్దవయస్సున మరపును, తికమకను, మూత్రబంధమును గూడ కలిగింపవచ్చును. దానిని వాడువారు ఈ లక్షణములను గమనించి చెప్పవలెను.

నాలుగవది చెప్పుటకు సిగ్గుపడునట్టిది. కాని కుటుంబములు చెడునది దానివలననే. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అను మాత్రలు వాడువారిలో కొందరికి పట్టరాని కోరికలు పుట్టును. జన్మమున పేక ముట్టనివాడు పేకాటకు, పందెములకు దిగును, అవసరము లేని వస్తువులు కొనును, కామవికారము హెచ్చును. ఊరివారు "ముసలితనమున బుద్ధి చెడినది" అని ఆడిపోసికొందురు. ఆ మనిషి సిగ్గుతో దాచును. భూమి తాకట్టు పడిన తరువాత సంగతి బయటపడును. ఇది శీలమునకు వచ్చిన లోపము గాదు, మందువలన వచ్చిన వికారము. డాక్టరు మోతాదు తగ్గించి, మందు మార్చినచో సాధారణముగా శమించును. ఇట్టి మాత్ర ఇంటికి వచ్చిననాడే భార్యాబిడ్డలకు ఈ మాట చెప్పియుంచుట మంచిది. ఈ మాత్రలవలన ఉన్నట్లుండి నిద్ర ముంచుకొని వచ్చుటయు కలదు. అట్టివారు మోటారు సైకిలును, ట్రాక్టరును నడుపరాదు. ఇక మూత్రము, చెమట నల్లబడుట మాత్రము లెవోడోపావలన కలుగు సామాన్య విషయము. దానికి భయపడ నక్కరలేదు.

ప్రయాణమున గూడ వేళలు తప్పరాదు. ఆళ్ళగడ్డనుండి నంద్యాలకు పోయి, డాక్టరును చూచి, సాయంత్రమునకు మరలి వచ్చువారు ఆనాటి మాత్రలను, ఒక సీసా నీటిని సంచిలో పెట్టుకొనవలెను. నెలకు సరిపడు మాత్రలు అయిపోవువరకు ఆగక, వారము దినములు మిగిలియుండగానే తెప్పించుకొనవలెను. వాన వచ్చి వాగులు పొంగిన దినములలో అంగడికి పోవుట మన చేతిలో లేదు.

పెద్దలారా! ఒక కాగితము, ఒక గడియారము, చెప్పినమాట చెప్పినట్లు వినుపించు నోరు. ఈ మూడును ఈ వ్యాధిలో మాత్రతో సమానమైనవి. కాగితముమీద మాత్ర పేరు, సంఖ్య, వేళ వ్రాయుడు. గడియారమును రోగి మంచము కెదురుగా వ్రేలాడగట్టుడు. ఏ మార్పు కనబడినను మందును మీరు మార్చక, ఆపక, వ్రాసియిచ్చిన డాక్టరుకే చెప్పుడు. మీ యూరిలో చేయి వణకుచు అరుగుమీద ఊరక కూర్చున్న వృద్ధు డెవరైన ఉన్నచో, ఆయన యింటివారిని పిలిచి, వైద్యునకు చూపించితిరా యని అడుగుడు. చూపించియున్నచో, మాత్రలు వేళకు పడుచున్నవా యని అడుగుడు. పెద్దలు నోరు విడిచి అడిగినప్పుడు ఇంటివారు కాదనరు.